తొలి కంకి కోసే చెయ్యి

కెదుంగ్‌పరి,
వానాకాలపు కోతలు అయ్యాక

లసియెమ్ అక్కకి,

మన ఊళ్ళో ఒక దుర్మార్గం జరిగింది. చేసినవాడు కసన్ మేస్త్రీ. చేయనిచ్చినవాడు హాజీ ముక్రి. చేయించినవాడి పేరు ఇంకా తెలీదు, తెలుసుకుంటాను. ఈ ముగ్గురినీ వరసగా గుర్తుపెట్టుకో. రేపు నా కోపం చల్లారితే నువ్వే గుర్తుచెయ్యాలి.

హాజీ గారి కాలవగట్టు మడి నీకు తెలుసు. నువ్వు పుట్టకముందు నుంచీ అమ్మ కోస్తున్న మడి. మొన్న తెల్లారేసరికి ఊళ్ళో ఆడవాళ్ళంతా ఎప్పటిలాగే ఒక్కో కంకీ తుంచే వేలికత్తులు కొప్పుల్లో దోపుకుని గట్టు మీద నిలబడ్డారు. హాజీ గారి భార్య వచ్చి తొలి కంకులు రెండు కోసి, పెళ్ళికొడుకు పెళ్ళికూతురిలా జంటగా కట్టాలి. అప్పుడుగాని ఎవరూ మడిలో కాలు పెట్టరు. పెట్టాక ఎవర్నీ ఎవరూ ఆపరు. అదే కదా మన కోత.

ఆవిడ రాలేదు. లారీ వచ్చింది. అందులోంచి కొడవళ్ళతో పరాయి ఊరి మగాళ్ళు దిగారు, వెనకాలే కసన్.

అమ్మ అడిగింది, "హాజీ గారి ఇంటావిడ ఏదీ?"

"ఈ పంట హాజీది కాదు పెద్దమ్మా. పైరు మీదుండగానే అమ్మేశాడు. కొన్నాయన పట్నంలో ఉంటాడు."

"అయితే ఆయన భార్యనే రమ్మను. ఎవరో ఒకరు తొలి కంకి కొయ్యాలి కదా."

కసన్ నవ్వాడు. "ఆవిడొస్తే గోళ్ళ రంగు పోతుంది."

మధ్యాహ్నానికి మడి బోడిగుండు అయింది. ఎనిమిది కట్టలు కోస్తే ఒకటి తమ పాలుగా ఇంటికి తెచ్చుకునే మన ఆడవాళ్ళు ఒక్క కంకి కూడా ముట్టుకోలేదు. పోనీ పరిగె ఏరుకుందామంటే, ఏరకముందే బాతుల మందని వదిలించాడు. బాతులకున్న హక్కు మా అమ్మకి లేకపోయింది.

అక్కా, నేను కొత్త వరికి విరోధిని కాను. నీకు తెలుసు, వ్యవసాయాఫీసు పంచిన ప్రతి కరపత్రమూ నాకు నోటికొచ్చు. మంచి విత్తనం, ఎరువు, నీరు, పురుగుల అదుపు, సాగు పద్ధతి, ఈ ఐదూ సరిగ్గా చేస్తే విదేశాల ఓడల కోసం చేతులు చాచక్కర్లేదని పెంకుల బట్టీ దగ్గర ఎంతమందితో వాదించానో. సుడిదోమ వచ్చి ఊరంతా కాలినట్టయిపోయినప్పుడు, దాన్ని తట్టుకునే ఐ.ఆర్. ముప్ఫయ్యారు రకం వెయ్యండని గట్ల వెంట తిరిగినవాణ్ణి నేను. పంట పెరిగింది. నిజంగా పెరిగింది. పెరిగిన ఏడాదే అమ్మ చాట ఖాళీగా ఉంది. ఈ రెండూ ఒకే మడిలో ఎలా జరిగాయో ఏ కరపత్రంలోనూ లేదు.

దేశానికి సరిపడా బియ్యం కావాలి కదమ్మా అంటే అమ్మ ఏమందో తెలుసా? "దేశం ఏ ఇంట్లో వండుకుంటుందో చెప్పరా, వెళ్ళి గంజి అడుగుతాను."

ఆ పట్నం ఆసామి ఎవరో నువ్వక్కడ సోలో పట్నంలో వాకబు చెయ్యి. మీదీ మిల్లే కదా, బావకి వ్యాపారులంతా తెలిసే ఉంటారు.

కోపంతో,
నీ తమ్ముడు పనుత్

*

సోలో

చిరంజీవి పనుత్‌కి,

నీ ఉత్తరం అందింది. ఎండు చేపలు, అమ్మకి ఒక నూలు చీర పంపుతున్నాను. మోకాలి నొప్పికి అల్లం దంచి కట్టు కట్టమను. వాన చినుకుల్లో బావి దగ్గరకి వెళ్ళనీయకు.

కోత సంగతి చదివి బాధ కలిగింది. కానీ పట్నంలో ఉన్నాయన ఎవరైతే మనకేం? కొనేవాళ్ళకీ వాళ్ళ ఒత్తిళ్ళు వాళ్ళకుంటాయి. నువ్వు ఒకవైపే చూస్తావు, చిన్నప్పటి నుంచీ అంతే. మనం ఎండు కర్రపెండలం దంచుకుని ముద్ద చేసుకు తిన్న రోజులు నీకు గుర్తుండవు, నువ్వు అమ్మ ఒళ్ళో ఉన్నావు. నాకు గుర్తున్నాయి. అన్నం వాసన కోసం నేను హాజీ గారి వంటింటి గోడ పక్కన కూర్చునేదాన్ని. ఇప్పుడు ఈ బజారులో ఎవరు వెళ్ళినా బియ్యం దొరుకుతుంది, నిన్నటి ధరకే దొరుకుతుంది. అది చిన్న సంగతి కాదు తమ్ముడూ.

ఇంకో మాట. ఉత్తరాల్లో పేర్లు రాయకు. "చేయించినవాడు", "హక్కు" లాంటి మాటలు బట్టీ దగ్గర కూడా అనకు. ఆ గొడవల ఏడాది మామయ్యని సిపాయిలు తీసుకెళ్ళినప్పుడు ఆయన అన్నది కూడా అంతకన్నా ఎక్కువేం కాదు. ఆయన తిరిగి రాలేదు, చొక్కా ఇప్పటికీ అమ్మ పెట్టెలో ఉంది. ఒక ఇంటికి ఒక చొక్కా చాలు.

మీ బావ మిల్లు పనిలో తీరిక లేకుండా ఉన్నారు. పిల్లలు క్షేమం.

అక్క
లసియెమ్

*

కెదుంగ్‌పరి,
ఎండాకాలపు నాట్లయ్యాక

అక్కా,

చేపలు అందాయి. అమ్మ చీర కట్టుకుని ఇరుగుపొరుగుకి చూపించుకొచ్చింది. నేనడిగినదానికి మాత్రం నువ్వు జవాబు రాయలేదు. సరే, భయపడ్డావు. నేను నీ మీద కోప్పడనులే, నాకు దారి దొరికింది.

కసన్ చెప్పే సాకు ఒక్కటే. ఆడవాళ్ళు ఒక్కో కంకీ గిల్లినట్టు కోస్తారు, ఆలస్యమవుతుంది, కొత్త వరి గింజ ఆగదు రాలిపోతుంది, దేశానికి నష్టం. గింజ రాలే మాట నిజమే, కరపత్రంలోనూ ఉంది. అయితే ఆడవాళ్ళకే కొడవలి నేర్పితే? సాకు పోతుంది, పరాయి ఊరివాళ్ళ అవసరం పోతుంది, కోత పాలు మన ఊళ్ళోనే ఉంటుంది. ఇంత తేలిక సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదా అని నిద్ర పట్టలేదు.

రైతు సంఘంలో ఇరవై కొడవళ్ళు తుప్పు పడుతుంటే అడిగి తెచ్చాను. వ్యవసాయాఫీసు ప్రదర్శన మడి పక్క గడ్డిలో సాధన. మొదటి రోజు గియెమ్ వదిన ఏమందో విను. "ఇదేంట్రా, కంకిని చేత్తో పట్టుకుని మాట్లాడి కోసేవాళ్ళం. ఇప్పుడు జుట్టు పట్టుకుని ఈడ్చినట్టుంది." ఒకావిడ, "మా ఆయన మీద కోపమొచ్చిన రోజున బాగా వస్తుంది" అంది. నవ్వులే నవ్వులు. పది రోజులకి ఆ పరాయి మగాళ్ళకి ఎక్కడా తీసిపోకుండా తయారయ్యారు. గియెమ్ వదిన అయితే వాళ్ళని మించిపోయింది. నేర్చుకున్న ఇరవైమంది పేర్లూ ఈ కాగితం వెనక రాశాను, అందరూ నీకు తెలిసినవాళ్ళే.

అమ్మ మాత్రం రాలేదు. "కొడవలి గడ్డికి. వేలికత్తి అరచేతిలో దాగుతుంది, వరితల్లి శ్రీ అమ్మకి కనబడదు, బెదరదు" అంది. అమ్మా, ఇది మూఢనమ్మకం అన్నాను. ఆవిడ తిరిగి, "ఒక కొడవలి ఎంతమంది పని చేస్తుందిరా?" అని అడిగింది. ఎనిమిది పదిమంది పని అని గర్వంగా చెప్పాను. "ఊఁ" అని టెంపే సోయా ముక్కలు వేయించడానికి లేచిపోయింది.

నువ్వుంటే చప్పట్లు కొట్టేదానివి.

పనుత్

*

సోలో

తమ్ముడూ,

నీ ఉత్తరం చదువుతూ గియెమ్ మాటలకి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. ఆ ఉత్సాహంలో భోజనాల దగ్గర మీ బావకి కూడా చెప్పాను, మా తమ్ముడు ఇలా చేశాడని. ఆయన చాలా మెచ్చుకున్నారు. ఎంతమంది నేర్చుకున్నారు, ఎంత వేగంగా కోస్తున్నారు, ఎవరి పేరేమిటి అని అన్నీ అడిగారు. మామూలుగా మా ఊరి సంగతులు అంత శ్రద్ధగా వినరు.

తర్వాత గిన్నెలు కడుగుతూ ఆలోచించాను. ఆయన ఎందుకు అడిగారా అని.

పనుత్, నేర్పితే అందరికీ నేర్పు. అందరికీ నేర్పడం అవకపోతే కొడవళ్ళు తిరిగి సంఘంలో పెట్టేసెయ్. ఎందుకని అడగకు. అమ్మకి నా నమస్కారాలు.

లసియెమ్

*

కెదుంగ్‌పరి,
ఎండాకాలపు కోతల మొదట్లో

మిల్లు యజమానురాలు శ్రీమతి లసియెమ్ గారికి,

కసన్ వచ్చాడు. కొడవలి ఎవరెవరికి వచ్చని ఎవర్నీ అడగలేదు. గియెమ్ ఏదీ, తుకినా ఏదీ అని పేర్లు పెట్టి పిలిచాడు. ఇరవై పేర్లూ వాడి నోట్లో ఉన్నాయి. "లారీ ఖర్చు మిగిలింది తమ్ముడూ, నీ పుణ్యం" అని నా భుజం తట్టాడు. ఆ భుజాన్ని కాలవలో కడుక్కున్నాను.

హాజీ గారి ఎగువ మడి ఇరవైమంది కోసేశారు. వాళ్ళకి మంచి పాలే ఇచ్చాడు, ఇదివరకెప్పుడూ రానంత. మిగతా ఊరంతా గట్టు మీద. అమ్మా గట్టు మీద. ఇదివరకు పరాయి మగాళ్ళు మనవాళ్ళని గెంటేశారు, ఇప్పుడు మనవాళ్ళ చేతే మనవాళ్ళని గెంటించాడు. వాడికి ఆ చేతులు తయారుచేసి ఇచ్చింది నేను. ఒక కొడవలి ఎంతమంది పని చేస్తుందని అమ్మ అడిగినప్పుడు ఆవిడకి లెక్క తెలుసు. నాకు కరపత్రం తెలుసు.

మర్నాడు గియెమ్ వదిన కొడవలి తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. "పాలు పెరిగిందిరా పనుత్. బావి దగ్గర మాత్రం నా చేదతాడు ఎవరూ అందుకోవట్లేదు. నేను రాగానే కబుర్లు ఆగిపోతున్నాయి" అంది. ఆవిడని తిట్టలేను. ఇంట్లో నలుగురు పిల్లలు. కొడవలి వదిలేస్తే ఆ చోటుకి రేపు ఇంకొకరొస్తారు. అందుకే మళ్ళీ అది తీసుకునే వెళ్ళింది. లూరా దగ్గరకి వెళితే, ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "గ్రామాధికారిగా చెబుతున్నా, దేశం బియ్యం కోసం పాటుపడుతుంటే అడ్డుపడేవాళ్ళని ఏమంటారో మీ మామయ్యని అడుగు" అన్నాడు. ఎటు వెళ్ళినా గోడే.

ఇప్పుడు అసలు సంగతి. ఎగువ మడి ధాన్యం నింపిన గోతాల మీద ముద్ర చూశాను. ఒకే తొడిమకి రెండు మామిడికాయలు. నీ పెళ్ళయిన ఏడాది మిల్లుకి గుర్తు కావాలంటే మన పెరటి చెట్టు చూసి నువ్వే గీసి ఇచ్చావు, ఆ కాగితం నాకే మొదట చూపించావు.

అమ్మ చూసింది. ముద్ర మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. "దానికి రాయకురా" అంది. రాస్తున్నాను. నీకు తెలుసా అని అడగను. పేర్లు రాయకు అని నువ్వు రాసేనాటికే నీకు తెలుసు. నీ చీర అమ్మ ఉతికి మడిచి పెట్టింది, కట్టుకోవడం లేదు.

పనుత్

*

సోలో

పనుత్,

శ్రీమతి అని రాశావు. చదివాను.

అవును, తెలుసు. వానాకాలపు కోత నాటికి తెలీదు. నీ మొదటి ఉత్తరం చదివి, కాలవగట్టు మడి అని ఉంటే ఆయన్ని అడిగాను. "అవును, కొన్నాను. మీ ఊరు కాబట్టి ధర నలుగురికన్నా ఎక్కువే ఇచ్చాను" అన్నారు. ఆ రాత్రి నుంచీ నేను తినే అన్నం ఎవరి కంచంలోదో నాకు తెలుసు. అయినా తిన్నాను. పిల్లలకీ పెట్టాను.

మీ బావ దుర్మార్గుడు కాదు. అదే నా కష్టం. సర్కారు గోదాముకి గడువులోగా ఇంత బియ్యం, ఇంత తేమకి మించకుండా, ఒకే రకం అప్పగించాలి. ఒక్కసారి తప్పితే ఆ వంతు వేరే మిల్లుకి పోతుంది, మా మిల్లు ఆగిపోతుంది. గోదామువాళ్ళని అడిగితే పట్నాల్లో ధర పెరగకూడదు, పైనుంచి ఆజ్ఞ అంటారు. ఆ పైవాళ్ళని అడిగితే ఓడల కోసం ఇంకోసారి చేతులు చాచలేం అంటారు. అదీ నిజమే, నేను కర్రపెండలం తిన్నదాన్ని. ఎవరి మాటా అబద్ధం కాదు. అందరి నిజాలూ ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగున అమ్మ ఉంది. చిన్నప్పుడు కాలవలో మనం చేపలకి పెట్టే వెదురుబుట్ట గుర్తుందా, పుల్లలన్నీ లోపలికే వాలి ఉండేవి. ఈ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా నాకు బుట్ట లోపలివైపు మాత్రమే కనిపిస్తోంది.

ఆ రోజు నవ్వుతూ పేర్లన్నీ చెప్పింది నేను. నువ్వు కొడవలి ఇచ్చావు, నేను పేర్లిచ్చాను. ఇద్దరం కలిసే చేశాం.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. చదివి పొయ్యిలో వెయ్యి.

కాలవగట్టు మడి ఈ పాటికి పండిపోయి ఉంటుంది. గోదాము గడువు వచ్చే శుక్రవారం. పరాయి ఊరి ముఠాని ఆయన తూర్పువైపు పంపేశారు, అక్కడ రెండు మళ్ళు కొన్నారు, ఆదివారం దాకా తిరిగి రారు. మీ ఇరవైమంది ఉన్నారు కదా అన్న ధైర్యం. వచ్చే బుధవారం కాలవగట్టు మడి ఒక్కరోజులో కోసి తీరాలి. ఆగితే గింజ రాలుతుంది. ఆ రోజు ఆ ఇరవైమందీ తప్ప ఆయనకి వేరే చెయ్యి లేదు.

నాకు తెలిసింది ఇంతే. దీన్ని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. సభ మాత్రం పెట్టకు, గోడల మీద ఏమీ రాయకు, కేకలు వెయ్యకు. నీ కేకల కోసమే లూరా కాచుకుని ఉన్నాడు.

కసన్‌తో ఎప్పుడైనా చెప్పు, నా గోళ్ళకి రంగు లేదు. పెళ్ళినాడు అమ్మ ఇచ్చిన వేలికత్తి మిల్లు కాటా పైన మేకుకి వేలాడుతోంది. బేరగాళ్ళు అదేమిటని అడుగుతారు. అలంకారం అని చెబుతాను.

లసియెమ్

*

కెదుంగ్‌పరి,
శనివారం

అక్కా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించి పొయ్యిలో వేశాను. అమ్మ పెట్టె తెరిచి నీ చీర తీసి కట్టుకుంది. గియెమ్ వదినని పిలుచుకు రమ్మంది.

నేను చెప్పింది ఒకటి. ఇరవైమందీ బుధవారం కొడవళ్ళు పట్టకుండా ఇంట్లో కూర్చోవాలి, గింజ రాలనీ, వాళ్ళకి బుద్ధి వస్తుంది. గియెమ్ వదిన నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది. "పండిన గింజని రాలనిస్తావా? నీకు కోపమొస్తే అన్నం కంచం తంతావా?" అంది. అమ్మ అయితే, "వీడికి తిండి ఎక్కువైంది" అంది. నోరు మూసుకున్నాను. ఈమధ్య మూసుకోవడం కొంచెం నేర్చుకుంటున్నాను.

ఆలోచన అమ్మది. నేను రాసేవాణ్ణి మాత్రమే.

ఇరవైమందీ రావాలి, కొడవళ్ళు లేకుండా. మిగతా ఊరి ఆడవాళ్ళంతా వస్తారు. అందరి కొప్పుల్లోనూ వేలికత్తులే. గియెమ్ వదిన బావి దగ్గర తనే చెప్పింది, "కొడవలి పాలు నాకొద్దు, మీ పక్కన నా చోటు నాకివ్వండి" అని. ఒకావిడ వచ్చి తన చేదతాడు అందుకుందట. ఇరవైమందిలో ముగ్గురు ఇంకా ఔననలేదు. వాళ్ళని ఎవరూ ఏమీ అనకూడదని అమ్మ ఆజ్ఞ. ఇంతమంది చేతులు కలిస్తే ఆ మడి ఒక్క రోజు పని. ఒక్క గింజ రాలదు, గోదాము గడువూ తప్పదు. బావకి బియ్యం అందుతుంది, ఊరికి పాలు అందుతుంది.

అయితే ఒక్క చిక్కు. తొలి కంకి కొయ్యకుండా ఎవరూ మడిలో దిగరు, ఎంత ఆకలేసినా దిగరు. దిగితే అది కోత కాదు, దొంగతనం. కసన్‌కి కావలసిందీ, లూరాకి కావలసిందీ అదే. తొలి కంకి పంట ఎవరిదో ఆ ఇంటి ఇల్లాలు కొయ్యాలి. ఆవిడ కోసి, జంటగా కట్టి, "రండమ్మా" అంటే ఇక మేస్త్రీ కాదు కదా మొగుడు కూడా కాదనలేడు. తాతల నాటి నుంచీ ఎవరూ కాదనలేదు.

మొన్న వానాకాలంలో అమ్మ అదే అడిగింది కదా, ఆయన భార్యనే రమ్మని. అప్పుడు ఆ భార్య ఎవరో అమ్మకి తెలీదు.

రమ్మని చెప్పడం తేలిక, రావడం తేలిక కాదని నాకు తెలుసు. ఆ ఇంటి గుమ్మం దాటి వస్తే మళ్ళీ ఆ గుమ్మం నీకు ఎలా తెరుచుకుంటుందో నేను చెప్పలేను. పిల్లలున్నారు. బుట్ట అన్నావు, పుల్లలు లోపలికే వాలి ఉంటాయన్నావు. రానంటే కోప్పడనని రాయబోయాను. అబద్ధం, కోప్పడతాను. కానీ అమ్మ కోప్పడదు. అమ్మ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "దాన్ని రమ్మను అని రాయకు. తొలి కంకి దానిది అని రాయి. రావడం రాకపోవడం అది చూసుకుంటుంది."

పెళ్ళికూతురు కంకికి చుట్టడానికి పసుపు గుడ్డపేలిక అమ్మ చింపి ఉంచింది, నీ చీర కొంగులోంచే. మొదటి బస్సు అంత ముందుగా లేదు కాబట్టి మంగళవారం సాయంత్రానికే వచ్చి గియెమ్ వదిన ఇంట్లో దిగు, మన ఇంటి మీద లూరా మనుషుల కన్నుంది. మేకు మీద కత్తి మర్చిపోకు.

ఇది సభ కాదు. కోత. ఐదురోజుల సంత లెక్కలో పాహింగ్ వచ్చే బుధవారం, తెల్లవారుజాము నమాజు నగారా మోగగానే, కాలవగట్టు మీద. అందరూ ఉంటారు, నీ కోసం మడి వైపు అడుగు వెయ్యకుండా నిలబడి ఉంటారు.

నీ తమ్ముడు
పనుత్